కుక్కకు అనుమతి

ఆ సంవత్సరం మిరపకాయలు మార్కెట్ యార్డుకు చేరాక, ఎండాకాలం సెలవుల్లో, మా చర్చి సంఘంవాళ్ళు బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున కుటుంబాల క్యాంపు పెట్టారు. సరుగుడు తోటలో గుడారాలు, అందరికీ కలిపి వంట, ఎవరి చాప వాళ్ళు తెచ్చుకోవాలి. నేనూ మావారూ సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో టీచర్లం. వెళ్దామనుకున్నాం. మా అత్తగారు మాత్రం గడపలో కూర్చుని, "కుక్కనెవరు చూస్తారు? అది రాకపోతే నేనూ రాను" అన్నారు.

అది ఊరకుక్కే. పేరు లేదు. ఆవిడ "ఏరా" అంటే వచ్చేది. ఇంకెవరు ఏమని పిలిచినా వచ్చేది కాదు.

మావారు ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి, క్యాంపు ఏర్పాట్లు చూసే పెద్దాయనకి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"కుక్కని తీసుకురావచ్చా అండీ?"

"కోళ్ళ గురించి అడిగినవాళ్ళున్నారండీ. కుక్క గురించి ఎవరూ అడగలేదు. కమిటీవాళ్ళని కనుక్కుని చెబుతా."

మర్నాడు మళ్ళీ ఫోన్ చేస్తే చెప్పాడు. తీసుకురావచ్చు. గొలుసుతో కట్టి ఉంచాలి. వంట పందిరి వైపు రానివ్వకూడదు. ప్రార్థన జరిగేచోటికి తేకూడదు.

"ఇక్కడ మాత్రం అది చర్చికొస్తుందా?" అన్నారు మా అత్తగారు. కాస్త ఆలోచించి, "రాత్రిపూట గుడారంలో నా పక్కన పడుకోనిస్తారేమో అడగరా" అన్నారు.

మావారు మళ్ళీ బూత్‌కి వెళ్ళారు. పడుకోవచ్చన్నాడాయన. అరిస్తే? ఊరుకోబెట్టుకోమన్నాడు. క్యాంపుకి వెళ్ళే లారీ ఎక్కనిస్తారా? ఎక్కనిస్తారు. పాలు దొరుకుతాయా? తెప్పిస్తానన్నాడు. పాపం, మంచి మనిషి, దేనికీ కాదనలేదు. ఒక్కో అనుమతి వచ్చేకొద్దీ మా అత్తగారి ముఖం వాడిపోయింది.

"ఇంకేం అడగాలమ్మా?" అన్నారు మావారు.

"కుక్కలు వద్దంటారనుకున్నానురా."

"మరి అడగమన్నావెందుకు?"

"నాకు సముద్రమంటే భయం."

మా అత్తగారి అక్కని తీరంలో ఒక ఊరికి ఇచ్చారు. ఉప్పెన వచ్చిన రాత్రి ఇల్లంతా కొట్టుకుపోయింది. మనిషి దొరకలేదు. ఇది మావారికీ తెలుసు. కానీ ఆవిడ ఎన్నడూ ఆ మాట ఎత్తకపోవడంతో, మాకు తట్టలేదు.

"మానేద్దాంలే అమ్మా."

ఆవిడ చాలాసేపు కుక్క వీపు నిమురుతూ కూర్చున్నారు. "ఆయన్ని అన్నిసార్లు అడిగి ఇప్పుడు రామంటే ఏం బాగుంటుంది?" అన్నారు.

క్యాంపులో మొదటిరోజంతా సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. మర్నాడు సాయంత్రం కుక్క గొలుసు లాక్కుంటూ నీళ్ళవైపు పోయింది. ఆవిడ గొలుసు వదల్లేదు, దాని వెనకే నడిచారు. అది ఒక గుక్క తాగి, తుమ్మి, ఆవిడ వంక చూసింది.

"ఉప్పురా, పిచ్చోడా."

అల వచ్చి ఆవిడ పాదాలు తడిపింది. నేను పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. కానీ ఆవిడ వెనక్కి రాలేదు.

"మా అక్కకి నీళ్ళంటే ఎంత ఇష్టమో! బావి దగ్గరికి పంపిస్తే ఒక పట్టాన వచ్చేది కాదు" అన్నారు.

భోజనాల గంట మోగింది. ఆవిడ కదల్లేదు. మావారు పళ్ళాలు అక్కడికే తెచ్చారు. ఆవిడ అక్క గురించి చెబుతూనే ఉన్నారు, మేం వింటూ తిన్నాం. అన్నంలో బాగా ఇసుక పడింది. అయినా పళ్ళాలు ఖాళీ అయ్యాయి.