సొట్ట ముందు చూపించే ఫకీర్ సాబ్

మా ఫకీర్ సాబ్ ఇంటర్నెట్‌లో అమ్మిన మొట్టమొదటి వస్తువు మూతకు సొట్ట పడిన ప్రెషర్ కుక్కరు. 2004లో అది భోపాల్‌కు పోయింది. దాన్ని అమ్మడానికి ఆయన పడిన పాట్లు దగ్గరుండి చూసినవాణ్ణి నేను. ఎందుకంటే పెనుకొండలో మొదటి ఎస్టీడీ బూత్ పెట్టిందీ నేనే, మొదటి ఇంటర్నెట్ సెంటర్ తెరిచిందీ నేనే. రామగిరి పక్కన పల్లె బడిలో ఎనిమిదో తరగతితో చదువాపిన తిరుపాలు కంప్యూటర్లు పెట్టాడని అప్పట్లో అనంతపురం దాకా చెప్పుకున్నారు.

సాబుకు ఉన్న పిచ్చి ఒక్కటే. దేన్ని చూపించినా దాని లోపం ముందు చూపిస్తాడు. హిందూపురంలో మూసేస్తున్న పాత్రల అంగట్లో ఆ కుక్కరు చౌకగా కొన్నాడు. నా డిజిటల్ కెమెరాతో నాలుగు ఫొటోలు తీయించాడు. ఊళ్ళో అదే మొదటి డిజిటల్ కెమెరా. నాలుగు ఫొటోల్లోనూ సొట్టే ఉంది.

"ఇందులో కుక్కరు యాడుండాది సాబూ?" అన్నాను.

"కుక్కరు అందరూ చూసిందే కదన్నా. ఈ సొట్టే ఎవురూ చూసుండరు."

ఎండాకాలం పోయింది. వానలు పడాల్సిన రోజులొచ్చాయి. వానా రాలేదు, బేరమూ రాలేదు. చివరికి భోపాల్ నుంచి ఒకాయన రాశాడు: ఇంత సొట్ట చూపించిన మనిషి ఇంకేమీ దాచి ఉండడు, పంపించండి అని.

అంతటితో సాబుకు దారి దొరికింది. అవి కరువేళ్ళు. శెనక్కాయ చేలల్లోనే మాడిపోతుంటే అంగళ్ళలో కొనేవాళ్ళెవరు? హిందూపురం బజారులో ఒకదాని తర్వాత ఒకటి తగ్గింపు ధరల బోర్డు పెట్టడం, ఆ తర్వాత తలుపులు వేసేయడం. గోనెసంచి పట్టుకుని సాబు అలాంటి అంగడి గడప తొక్కగానే, ఎవురికీ వద్దనిపించిండేది ఏముండాది అని అడిగేవాడు. గుండీ ఊడిన చొక్కాలు, ముల్లు ఆగిన గడియారాలు, పిడి విరిగిన పెనాలు నా సెంటర్‌కు వచ్చి, లోపం ఉన్న వైపు తిరిగి ఫొటో దిగేవి.

మనుషుల్నీ అంతే. మా తమ్ముడి కొడుకు మల్లికార్జునకు సంబంధం మాట్లాడడానికి ఓబులదేవరచెరువుకు పోతూ సాబును వెంట తీసుకుపోయాను. అబ్బాయి ఎలాంటివాడని అమ్మాయి తండ్రి నారాయణప్ప అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సాబు అందుకున్నాడు. గురక పెడతాడు, ఎడమ చెవి మందం, టెన్త్ ఒకసారి తప్పినాడు అని వరసగా చెప్పేశాడు. మా తమ్ముడు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఇంతేనా?" అన్నాడు నారాయణప్ప.

"ఇంతే. ఇంగా ఉంటే చెప్పనా?"

ఆ మధ్యాహ్నమే లగ్నం పెట్టుకున్నారు.

రిపబ్లిక్ డే నాడు మండలాఫీసులో నాకు శాలువా కప్పినప్పుడు సాబునే మాట్లాడమన్నారు. నేను చేసిన పనులన్నీ ఒక చీటీ మీద రాసిచ్చాను. ఆయన చీటీ జేబులో పెట్టుకుని, తిరుపాలన్న గొప్పలు చెప్పుకుంటాడు, అది తప్ప ఆయనలో వంక లేదు అని చెప్పి కూర్చున్నాడు. శాలువా మాత్రం మంచిది ఇచ్చారు.

పోయిన ఏడు, 2007లో, సాబు ధర్మవరంలో ఒక షావుకారు చీరల అంగడికి పోయాడు. మూలన తగ్గింపు చీరల కుప్ప ఉంది. తిరగేస్తే తప్పులన్నీ ఒకే చేతివి. నేసింది పోతులయ్య. కండ్లకు పొర కమ్మి, పోగు తెగినా ఆయనకు తెలియడం లేదు. ఇక పట్టు ఇవ్వను, ఆయన మగ్గం ఆపేయాల్సిందే అన్నాడు షావుకారు. పోతులయ్య వీధిలో ఆ ఏడు మగ్గం ఆగిన ఇద్దరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సంగతి షావుకారుకూ తెలుసు, సాబుకూ తెలుసు.

"ఈ కుప్పంతా నాదే," అన్నాడు సాబు. "నాకు ఇట్లాటివే కావల్ల. ఆయప్ప చేత్తోనే నేయించు."

చీరలు ఇంటర్నెట్‌కెక్కాయి. ప్రతి ఫొటోలో తెగిన పోగే ముందు. ఇక్కడ పోగు తప్పింది, నేసినాయనకు చూపు తగ్గింది, చీర మాత్రం గట్టిది అని కింద టైపు చేసింది నేనే. పూణే వాళ్ళు కొన్నారు, కలకత్తా వాళ్ళు కొన్నారు. పోతులయ్య మగ్గం ఆడుతూనే ఉంది.

ఒకరోజు నేనూ సాబూ వాళ్ళింటికి పోయాం. పోతులయ్య భార్య రామక్క టీ తెచ్చింది. ఆయన మగ్గం గుంటలో కూర్చునే అడిగాడు.

"ఏమప్పా సాబూ, నువ్వు తప్పులు పట్టేవోడివి. నా చీరల్లో ఏమన్నా కనపడిందా?"

రామక్క గ్లాసు పట్టుకుని అట్లే నిలబడిపోయింది. మా మల్లికార్జున చెవినే వదలని నోరు అది.

"ఏమీ కనపల్లేదు పోతులన్నా," అన్నాడు సాబు.

పెనుకొండలో బస్సు దిగాక, పుట్టినాక ఇదే మొదటి అబద్ధమన్నాడు సాబు. ఆ తర్వాత చాలా రోజులు అన్నం సరిగా తినలేదని వాళ్ళింట్లో చెప్పారు.

కంటి ఆపరేషన్ చేయించుకోమంటే పోతులయ్యకు తన చీరల సంగతి తెలిసిపోతుంది. అందుకని సాబు ఒక ఎత్తు వేశాడు. నా కండ్లే మసగ్గా ఉండాయి, బెంగళూరు ఆసుపత్రికి ఒక్కణ్ణే పోవల్లంటే భయం, తోడు రా అని పోతులయ్యను బతిమాలాడు. తీరా అక్కడికి పోయాక, ఎట్లాగూ వచ్చినావు కదా నువ్వూ చూపించుకో అనాలని ఆయన ఆలోచన. వచ్చేదాకా పోతులయ్య వంతు పట్టు ఇంకెవరికీ ఇవ్వనని షావుకారు చేత మాట తీసుకున్నాక, ఇద్దరూ ప్యాసింజరు రైలెక్కారు.

నిన్న ఫోన్ వచ్చింది. పోతులయ్యకు కట్టు విప్పారట. గోడమీది బల్లి కూడా కనపడుతోందట.

"ఇంగో మాటన్నా," అన్నాడు సాబు. గొంతులో సంబరం. "నాకూ కుడికంట్లో పొర ఉండాదంట. నాకూ ఆపరేషన్ చేస్తాండారు."

"దానికింత సంతోషమేంది సాబూ?"

"ఆ పొద్దు కనపల్లేదంటి కదా. సగమన్నా నిజమే అయిందిలేన్నా."

రైలు దిగి ముందు నా సెంటర్‌కే వస్తారట. ఇక్కడ పోతులయ్య చీర ఒకటి అమ్ముడుపోకుండా మిగిలి ఉంది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. కొంగులో మూడో మామిడి పిందె దగ్గర పోగు తప్పింది, ముందే చెబుతున్నాను. ఆయన కొత్త చూపు దాని మీద పడకముందే ఎవరైనా కొనుక్కుంటే మేలు. వాళ్ళిద్దరూ వచ్చేది మార్చి పదకొండు, మంగళవారం.