గాడి అరగకుండానే చచ్చిన టైర్లు

2023 వానాకాలం. గాజువాకలో నా టైర్ల దుకాణం ముందు రోడ్డు పొద్దుటి నుంచి తడిగానే ఉంది. లారీ టైర్లతో మొదలుపెట్టిన దుకాణం, కార్లవి తరవాత వచ్చాయి. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి కాబట్టి మెత్తగా రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆ రోజు ఉక్కునగరం నుంచి ఒక స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుంటుంది. యజమాని అప్పలనాయుడు స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపిన మనిషి. సెకండ్ హ్యాండులో కొనుక్కుని ముద్దుగా చూసుకునేవాడు. ముందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అప్పుడు భార్య రమణమ్మ డ్రైవింగు నేర్చుకుంది. ఆటో ఎక్కించబోతే ఒప్పుకోడు. ఫిజియోథెరపీకైనా, బీచ్ రోడ్డుకైనా ఆ కారులో వెళ్తేనే ఇల్లు కదిలేవాడు.

“కారు అమ్మేత్తన్నానన్నయ్యా,” అంది రమణమ్మ దిగుతూనే. “కొంటానన్నాయన టైర్లు సూపించుకు రమ్మన్నాడు. నిన్న వానలో బ్రేకు తొక్కితే వెనకభాగం పక్కకి కొట్టుకుపోనాది. ముందు ఆటోనిండా బడిపిల్లలు. జానెడులో ఆగినాది. ఇంక నాను నడపను.”

“టైర్లకేటీ నేదు బావా,” సీట్లోంచే అన్నాడు అప్పలనాయుడు. “గాడులు సూడు, కొత్తవాటిలాగే ఉన్నాయి. దీనికి బ్రేకు తొక్కడం రాదు. ఎడ్లబండనుకుంటాది.”

“ఎడ్లయితే నా మాటైనా విందును,” అందావిడ. నవ్వలేదు.

కారును జాకీ మీద ఎత్తాను. గాడులు నిజంగానే నిండుగా ఉన్నాయి. టైరు పక్కగోడ మీద తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. దాన్నిబట్టి చూసినా అంత పాతవి కావు. కానీ గోరు నొక్కితే దిగలేదు. గాడుల అడుగునా, పక్కగోడల మీదా వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ముక్కు దగ్గర పెట్టి చూస్తే కిరోసిన్ వాసన.

“ఈటిని దేంతో తుడుత్తన్నారు?”

“కిరోసిన్ గుడ్డతో. ఆదివారం ఆదివారం నానే తుడుత్తాను,” అన్నాడు నాయుడు గర్వంగా. “ప్లాంటు దుమ్ము ఉత్త నీళ్ళకి పోద్దేటి?”

“కుర్సీ ఏసుకుని ఎడం సేత్తోనే తుడుత్తాడన్నయ్యా,” అంది రమణమ్మ. “ఇంట్లో ఆయన సేసే పని అదొక్కటే.”

మా వైపు ఈ అలవాటు చాలామందికి ఉంది. కిరోసినో, డీజిలో పెట్టి తుడిస్తే టైరు నల్లగా నిగనిగలాడుతుంది. కానీ రబ్బరును మెత్తగా ఉంచే సరుకు కూడా ఆ గుడ్డతోనే పోతుంది. ఎండకు బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు.

“బావా, మా సెల్లి బ్రేకు బాగానే తొక్కినాది,” అన్నాను. “టైర్లు సచ్చిపోనాయి. సంపినాది నీ కిరోసినే.”

నాయుడు ఒళ్ళో ఉన్న ఎడమ చేతికేసి చూసుకున్నాడు. “అంత మాటెందుకన్నయ్యా,” అంది రమణమ్మ గొంతు తగ్గించి. నేను మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే తప్పు ఆవిడ మీదే ఉండిపోయేది, కారు అమ్ముడుపోయేది, ఆ మనిషి గుమ్మంలో కూర్చుండిపోయేవాడు.

నాయుడు తలెత్తి, “అయితే రేసుకార్లకేసేయి ఎయ్యి,” అన్నాడు.

రెండు రకాలు తెచ్చి అతని తలుపు దగ్గర నిలబెట్టాను. కంపెనీ చక్రాలే ఉంచుతున్నాం కాబట్టి సైజు మారదు. ఆ కారుకు ముందు చక్రాలు సన్నం, వెనకవి వెడల్పు. ముందువి వెనక్కి మార్చడం కుదరదు. లోడు, స్పీడు రేటింగులు, అంటే టైరు మోసే బరువు, తట్టుకునే వేగం, కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. ఇక తేల్చుకోవాల్సింది రబ్బరు, గాడులు. మొదటిది అతనడిగిన రేసు రకం, బాగా మెత్తన, గాడులు తక్కువ. పొడి రోడ్డు మీద జిగురులా పట్టుకుంటుంది, నీళ్ళు నిలిస్తే తేలిపోతుంది. రెండోది పెర్ఫార్మెన్స్ స్ట్రీట్ టైరు, అంటే మామూలు రోడ్ల మీద తిరిగే స్పోర్ట్స్ కార్లకు చేసింది. పొడి మీద పట్టు కాస్త తక్కువైనా, నీళ్ళను పక్కకు నెట్టే లోతైన గాడులున్నాయి.

“ఏదెయ్యమంటావు?”

అతను రెండింటినీ చూశాడు. “నన్నడుగుతావేటి? నడిపేది అది. దాన్నడుగు.”

రమణమ్మ భర్త ముఖంలోకి చూసింది. తరవాత వంగి గాడుల్లో వేలు పెట్టి చూసింది. “వానలో ఆగేది,” అంది.

టైర్లు బిగించి బ్యాలెన్సింగు చూసేలోగా నాయుడి చేతికి గాలి కొలిచే గేజీ ఇచ్చాను. ఆదివారం పొద్దున్నే, కారు కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎంతుండాలో డోరు పక్కన రాసి ఉంటుంది. గాలి నింపిన చక్రం ఒకటి అతని తలుపు దగ్గర నిలబెట్టాను. ఎడమ చేత్తో గేజీ పెడితే మొదట గాలి బుస్సుమంది. మళ్ళీ పెట్టాడు. ముల్లు నిలిచింది.

“గుడ్డకి సబ్బునీళ్ళు సాలు. కిరోసిన్ ఊసెత్తితే గేజీ లాక్కుంటాను.”

“లాక్కో సూద్దాం,” అని జేబులో వేసుకున్నాడు.

కొత్త టైరు మీద జారుడు పొర ఉంటుంది, కొన్నాళ్ళు మెల్లగా పొమ్మన్నాను. వాళ్ళు బయల్దేరగానే దుకాణం మలుపులో ఒక బస్సు అడ్డొచ్చింది. రమణమ్మ బ్రేకు వేసింది. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. “బాగానే తొక్కినావు,” అన్న అప్పలనాయుడి మాట కిటికీలోంచి నాదాకా వినబడింది. కారు అమ్మలేదు.

టైరు చచ్చిందని చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. చెప్పాక ఆ మనిషి చేతికి ఏ పని ఇవ్వాలో ఆలోచించడం మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను.