ద్వారకానాథ్ గారి సర్కిల్

ప్రభుత్వం అక్కర్లేదని ద్వారకానాథ్ గారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు కట్టుకున్న నాటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు ఈ పరాయి దేశపు యూనివర్సిటీలో మట్టి బలం గురించి పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మనుషుల మీద పడ్డారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటి వెనక చెక్క డెక్ మీద పదిమందిమి చేరేవాళ్ళం. ఆయన ఇక్కడి పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు కౌన్సిల్ వాళ్ళిచ్చిన మొక్క ఆ డెక్ పక్కనే ఏపుగా పెరిగింది. దాని నీడలో కూర్చునే, పోలీసులూ కోర్టులూ మనిషికి మనిషి మీద నమ్మకం లేక పుట్టినవనీ, నలుగురు కూర్చుంటే తెగని తగువు లేదనీ వాదించేవారు. మరి రోడ్డు మీద ఎర్రలైటు ఎవరు పెడతారండీ అని గోపాలరావు ప్రతివారం అడిగేవాడు. ఆయన దగ్గర ప్రతివారం ఓ కొత్త సమాధానం ఉండేది. వాదన మాటెలా ఉన్నా, మాకు బజ్జీలు నచ్చేవి.

మా గుంపుకి అధ్యక్షుడు లేడు, ఓటు లేదు. ఏదైనా సర్కిల్‌లో, అంటే గుండ్రంగా కూర్చున్న అందరి ముందూ, పెట్టాలి. వరసగా అందరూ 'సరే' అనాలి. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. దీపావళికి హాలు ఏదో తేల్చడానికి మూడు ఆదివారాలు పట్టింది.

శేషుకుమారి ఖమ్మంలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన పిల్ల. భర్త సుమంత్ వీసా మీద వచ్చి, ద్వారకానాథ్ గారి ఎదురింట్లో కాపురం పెట్టింది. సుమంత్ సాఫ్ట్‌వేర్ మనిషి, మాటకారి. సర్కిల్‌లో అందరికంటే ముందు సరే అనేవాడు. ఇంట్లో చెయ్యి ముందు లేచేది. మార్చిలో ఒక చెంపదెబ్బకు ఆమె ఎడమ చెవికి వినికిడి పూర్తిగా పోయింది.

ఆమె నన్ను కోరింది ఒక్కటే.

"ఉదయక్కా, నా వెంట పోలీస్ స్టేషన్ దాక వస్తవా? లోపలికి రాకు, కార్ల కూసో చాలు. ఇంకోసారి కొడితే రెండో చెవి గూడ పోతది."

పది నిమిషాల దారి. తీసుకెళ్ళాల్సింది. తీసుకెళ్ళకుండా పెద్దమనిషి తరహాలో ఆ సంగతి సర్కిల్‌లో పెట్టాను. నా బుద్ధి గడ్డి తింది.

ద్వారకానాథ్ గారి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు ఆయన సిద్ధాంతానికి అసలైన తగువు దొరికింది. పోలీసులొస్తే కేసంటారు, సుమంత్‌కి ఇక్కడ స్థిరపడే పీఆర్ రాదు, అతని వీసా పోతే ఆ అమ్మాయిదీ పోతుంది, ప్రభుత్వం చేసేదల్లా ఇద్దరినీ విమానం ఎక్కించడమే అన్నారు. అది నిజమో కాదో ఎవరూ కనుక్కోలేదు. సుమంత్ కళ్ళు తుడుచుకుని, ఇక ముట్టనని మాటిచ్చాడు. పోలీసులు వద్దు, ద్వారకానాథ్ గారు ఓ కంట కనిపెట్టి ఉంటారు అన్నది తీర్మానం. సరే, సరే, సరే. సుమంత్ కూడా సరే అన్నాడు. దొంగ చేతికే తాళాలిచ్చాం. గోపాలరావు ఫోన్ చూసుకుంటూ సరే అన్నాడు. నా వంతు వచ్చింది, నేనూ అన్నాను.

శేషుకుమారి లోపల ద్వారకానాథ్ గారి వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తోంది. చిమ్నీ హోరులో ఆమెకేమీ వినబడలేదు, ఆమెను పిలవాలని ఎవరికీ తోచలేదు. పళ్ళెం పట్టుకొచ్చాక చెప్పాం. అందరి ముఖాలూ ఒకసారి చూసి, చట్నీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

సుమంత్ మాట పదకొండు రోజులు నిలిచింది.

మే నెలలో ఒక పొద్దున ద్వారకానాథ్ గారి కారు ఇంటి ముందు నుంచి మాయమైంది. ఆయన తొమ్మిదింటికి ఫోన్ చేస్తే పదింటికల్లా పోలీసు కారు వచ్చి నిలబడింది. పరామర్శకు నేనూ వెళ్ళాను. శేషుకుమారి కూడా రోడ్డు దాటి వచ్చింది. కింది పెదవి వాచి ఉంది. ఆయన దాన్ని చూసి, కారు వైపు మాట తిప్పారు.

"అంకుల్, కారు పోతే సర్కిల్‌ల పెట్టలేదేంది?" అని అడిగింది. గొంతులో కోపం కూడా లేదు.

"అది వేరమ్మా. ఇన్సూరెన్స్ వాళ్ళకి పోలీస్ రిపోర్ట్ నంబర్ కావాలి. అది లేకపోతే క్లెయిమ్ ప్రాసెస్ చెయ్యరు."

వచ్చిన పోలీసు ఒక చిన్న వయసు అమ్మాయి. రాసుకోవడం ముగించి, ఆ పెదవిని చూసింది. దగ్గరగా వచ్చి, ఎవరికీ వినబడకూడదని గొంతు తగ్గించి, ఇంట్లో నువ్వు క్షేమంగానే ఉన్నావా అని ఇంగ్లీషులో అడిగింది. అడిగింది ఎడమ వైపు నుంచి. శేషుకుమారి తల తిప్పలేదు.

కుడి వైపున ద్వారకానాథ్ గారు ఉన్నారు. శేషుకుమారికి ఇంగ్లీషు అంతగా రాదనీ, బట్టలుతికే గదిలో కాలు జారి పడిందనీ, మేమంతా ఒక కుటుంబం లాంటివాళ్ళమనీ చక్కటి ఇంగ్లీషులో చెప్పారు. అది మాత్రం శేషుకుమారికి అక్షరం అక్షరం వినబడింది. ఆమె నా వైపు తిరిగింది.

పోలీసమ్మాయి కూడా నా వైపే తిరిగి, నిజమేనా అంది.

సర్కిల్‌లో నా వంతు వచ్చినప్పుడు సరే అన్నట్టే తల ఊపాను. పోలీసమ్మాయి రిపోర్ట్ నంబరు రాసిన చీటీ ద్వారకానాథ్ గారి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. శేషుకుమారి రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్ళింది. ఆ రోజు సుమంత్ ఇంటి నుంచే పనిచేస్తున్నాడు.