బాగైంది గూడ రాయాలె

మొన్న మంగళవారం ఉదయం మా మేడం చనిపోయారు. ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా. మాపటికి చిద్రి ఊర్ల సమాధి చేస్తున్నం, రా" అన్నారు. చర్చిలో ప్రార్థన ఎక్కువసేపు సాగలేదు. ఆమె ముందే అలా చెప్పి పెట్టారట.

బీదర్‌లో కామర్స్ చదివిన చాలామందికి ఆమె మేడమే. నాకు పిహెచ్‌డి గైడు కూడా. మనుషులు ఏ వస్తువును ఎందుకు కొంటారు, సెలవు దొరికితే ఏ ఊరికి ఎందుకు పోతారు, సమాజానికి ఏదో చేశామని చెప్పుకునే కంపెనీలు నిజంగా ఏం చేశాయి అన్నవి ఆమె ఉద్యోగమంతా వెంట తిరిగిన ప్రశ్నలు. నేను మా ఊరు దుబల్గుండి నుంచి వచ్చి ఆమె దగ్గర చేరేనాటికి హైదరాబాదులో కొత్త కొలువులు జోరుగా పెరుగుతున్నాయి. ఆదివారం వస్తే జహీరాబాదు దారిన కార్లు మా బీదర్ కోటకు బారులు తీరేవి. మేమిద్దరం కోట దర్వాజా దగ్గర నిలబడి, వచ్చినవాళ్లను పలకరించి, ఎందుకొచ్చారని అడిగి రాసుకునేవాళ్లం.

ఆసియా దేశాల పర్యాటకం మీద అచ్చయిన వ్యాసాలు ఆమె చాలా చదివారు. వాటిలో యాత్రికులు హోటల్లో దిగుతారు, హోటల్లో తింటారు. మా కోటకు వచ్చేవాళ్లు డబ్బాల్లో పులిహోర తెచ్చుకుని, గడ్డి మీద దుప్పటి పరిచి తిని, చీకటి పడకముందే వెళ్లిపోయేవారు. "గా వ్యాసాలల్ల పులిహోర లేదు. మనం రాద్దాం" అనేవారు మేడం. ఆమె వేసే పెద్ద జోకు అదే. ఎవరైనా జవాబు చెప్పడానికి తటపటాయిస్తే వెంటనే వదిలేసేవారు. బలవంతంగా తీసుకున్న జవాబు అబద్ధమవుతుందని ఆమె నమ్మకం.

ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి ఒక టూర్ల కంపెనీ వారాంతపు యాత్రలు మొదలుపెట్టింది. చింతకి వైపు ఒక ఊరి బడిలో తాగునీటి ఫిల్టరు పెట్టించి, ఆ నీళ్లు తాగుతున్న పిల్లల ఫోటోతో నగరంలో హోర్డింగులు వేసింది. ఆ మంచిపని చూసి జనం తమ టూరును ఎంచుకుంటున్నారా లేదా తేల్చమని మేడంను అడిగింది. వాళ్ల కస్టమర్ల జవాబులను నా థీసిస్‌కు వాడుకోవచ్చని ఒప్పందం.

ఏడాది పాటు అడిగాం. చాలామంది అవునన్నారు. చివర్లో ఒకావిడ, తన పిల్లలకు చూపించాలనే ఈ టూరుకు వచ్చానని చెప్పి, "మీరు ఆ బడి చూసిండ్రా?" అని మమ్మల్నే అడిగింది. మేడం లేదన్నారు. ఆ వారంలోనే ఇద్దరం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాం.

ఫిల్టరు పనిచేయడం లేదు. లోపల ఏదో పాడైంది, మార్చడానికి ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే మనిషిని పంపుతామంటున్నారని హెడ్మాస్టరు చెప్పారు. పిల్లలు మళ్లీ బోరు నీళ్లే తాగుతున్నారు.

హైదరాబాదులో కంపెనీ ఆఫీసులో మేడం మొదట కస్టమర్ల సంగతి చెప్పారు. మేనేజరు సంతోషించాడు. తర్వాత అదే గొంతుతో బడి సంగతి చెప్పారు. ఆయన మర్యాదగానే, "అది మేం అడగలేదు కదా మేడం" అన్నాడు.

"మీరు అడగలే. మీ కస్టమరే అడిగింది" అన్నారు మేడం.

వారం తిరక్కుండా, తమ కస్టమర్ల జవాబులు ఎక్కడా వాడవద్దని కంపెనీ చెప్పేసింది. నా ఏడాది పని పోయింది. ఇంట్లోవాళ్లు ఇక చదువు చాలంటున్న సమయం అది. మేడం నన్ను ఓదార్చలేదు. "మన కోట మనకున్నది. సొంతంగ వచ్చెటోళ్లను అడుగుదాం" అన్నారు. ఆ తర్వాతి ఆదివారం నాకంటే ముందే దర్వాజా దగ్గర ఉన్నారు.

అలా మళ్లీ మొదలుపెట్టిన థీసిస్‌లో, మేం కళ్లారా చూసిన బడి సంగతికీ ఒక అధ్యాయం పెట్టాను. థీసిస్ ముగింపుకు వచ్చినప్పుడు హెడ్మాస్టరు ఫోన్ చేశారు. కంపెనీ వాళ్లు వచ్చి ఫిల్టరు బాగుచేశారట. దాన్ని చూసుకోవడానికి ఊళ్లోనే ఒకతన్ని పెట్టారట. ఈసారి ఫోటోలు తీయలేదట. అది కూడా రాయమన్నారు మేడం. నాకు ఇష్టం లేదు. మమ్మల్ని కాదన్నవాళ్లు వాళ్లు. పైగా ఫిల్టరు మూలన పడిందన్న దగ్గర నా అధ్యాయం గట్టిగా ముగుస్తోంది. ఆ మాటే అన్నాను.

"చెడిపోయింది రాసినం గద. బాగైంది గూడ రాయాలె. ఊకె రాసుడు గాదు, పోయి చూసి రాయాలె."

వెళ్లాం. నల్లా తిప్పి ముందు ఆమె తాగారు, తర్వాత నాకు గ్లాసు ఇచ్చారు. నీళ్లు బాగున్నాయి. తిరిగొచ్చి ఆ పేజీలు రాశాను. అధ్యాయం మునుపటంత పదునుగా లేదు. వైవాలో పరీక్షకుడు ఇంతకీ ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అని అడిగాడు. మేడం కిటికీ వైపు చూస్తున్నారు. నీళ్లు ఆగినప్పుడు ఆగాయని, వచ్చినప్పుడు వచ్చాయని రాశానని చెప్పాను. ఆయన పేజీ తిప్పాడు. ఇప్పుడు నేను పాఠం చెప్పే పిల్లలకు బడికి వెళ్లిన ఆ రెండు ప్రయాణాల గురించీ చెబుతుంటాను. వాళ్లకు మొదటిదే నచ్చుతుంది.

పోయిన చలికాలం మేడం కోటకు తీసుకుపొమ్మన్నారు. అప్పటికే మనిషి చిక్కిపోయారు. ఒక మెట్టు మీద కూర్చోబెట్టి నేను టీ తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పక్కన ఎవరో పెద్దావిడ చేరింది. కొడుకూ కోడలూ బురుజు ఎక్కడానికి వెళ్లారట. ఆమె మేడంను ఒక్కో ప్రశ్నే అడుగుతోంది. ఏ ఊరు, ఎందరు పిల్లలు, ఈ కోటల ఏమున్నదని ఇంతమంది వస్తుండ్రు. మేడం తిరిగి ఒక్క ప్రశ్నా అడగకుండా, అన్నింటికీ నిదానంగా జవాబు చెబుతున్నారు. పిల్లలు లేరన్నారు. ఏమున్నదో తనకూ సరిగా తెలియదన్నారు.

పైనుంచి కొడుకు పిలిచాడు. పెద్దావిడ మేడం భుజం మీద చెయ్యి ఆన్చి లేచింది. ఆవిడ కాళ్లు నిలదొక్కుకునేదాకా మేడం ఆ చేతిని తన చేత్తో పట్టుకుని కూర్చున్నారు.