చక్రాల ఇంట్లో తెలుగు ఒట్టు

మా చిన్నప్పుడు... ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రం అయిన రోజుల్లో... రాయపూర్‌లో మా వీధి మొత్తానికి చక్రాలున్న ఇల్లు మాదొక్కటే!

నాన్న ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫోర్‌మన్. ఎవరో తుక్కు కింద అమ్మేస్తున్న పాత మెటడోర్ వ్యాను కొని, ఏడాదిపాటు ఆదివారాలన్నీ దానికే ధారపోశాడు. లోపల రెండు ఇనుప మంచాలు, గ్యాసు పొయ్యికి గట్టు, నీళ్ళ డ్రమ్ము, వెనక ఒక తలుపు, దాని పక్కన చిన్న కిటికీ. డ్రైవరు సీటుకీ మాకూ మధ్య రేకు గోడ. "ఎందుకండీ ఆ గోడ?" అని అమ్మ అడిగితే "ఇల్లన్నాక గోడ ఉండొద్దూ?" అన్నాడు. ఆయనతో వాదించడం అమ్మ ఎప్పుడో మానేసింది.

ఆ చలికాలం మైన్‌పాట్ కొండల మీదికి నాలుగు రోజుల ప్రయాణం పెట్టాడు. పండరీ బజారు నుంచి లావుపాటి దూది రజాయిలు వచ్చాయి. భన్‌పురి నుంచి దుకాలూ భయ్యా అనే డ్రైవరు వచ్చాడు. బొబ్బిలి నుంచి మా నానమ్మ వచ్చింది.

నానమ్మ దిగిన రోజే చిక్కొచ్చిపడింది. ఆరేళ్ళ మా తమ్ముడు వెళ్ళి "నానమ్మా, భూక్ లగుతోంది, జల్దీ ఖానా పెట్టు" అన్నాడు. నానమ్మ నాన్న వైపు తిరిగి "ఏట్రా, నీ కొడుకుతో మాటాడ్డానికి నానొక మనిసిని పెట్టుకోవాలేటి?" అంది. నవ్వుతూనే అంది గానీ, నాన్నకి ఎక్కడో గట్టిగా గుచ్చుకుంది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు పాపం.

బయలుదేరే ముందు మా ఇద్దరి చేతులూ తన నెత్తి మీద పెట్టించుకున్నాడు. "బండి కూడా మన ఇల్లే. అందులో ఉన్నంతసేపూ ఒక్క హిందీ ముక్క రాకూడదు. నా మీద ఒట్టు!"

ఒట్టు తప్పితే ఏమవుతుందో మాకు తెలుసు... ఎవరి నెత్తి మీద వేస్తే వాళ్ళు చచ్చిపోతారు! నాకప్పుడు పదేళ్ళు. ఆ విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

అంతే, తమ్ముడికి మాట పడిపోయింది. "పానీ" అనబోయి నాలిక కరుచుకుని, డ్రమ్ము వైపు వేలు చూపించేవాడు. "సక్కని గుంటడ్ని మూగోడ్ని సేసేసినారు" అని నానమ్మే మళ్ళీ నాన్నని తిట్టిపోసింది.

మర్నాడు తెల్లారేసరికి కఠ్‌ఘోరా దాటి అడవి దారిలో ఉన్నాం. యాభై అడుగుల అవతల ఏముందో కనబడనంత పొగమంచు. నాన్న బండి ఆపించి, బనియను, లుంగీ, మంకీ క్యాపుతో, బ్రష్షూ మగ్గూ పట్టుకుని దిగాడు. అమ్మ నర్సు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసీ చేసీ, ఈ నాలుగు రోజులూ నిద్రపోవడానికే వచ్చినట్టు ముసుగు తన్నేసింది.

తెరిచిన తలుపులోంచి మంచు నేరుగా లోపలికి కొడుతోంది. "చలి! చలి! చచ్చిపోతన్నాను!" అని నానమ్మ కేకలేసి, తలుపు ధడేల్మని వేసేసింది.

రేకు గోడ అవతలున్న దుకాలూ భయ్యాకి అది "చల్, చల్", అంటే పోనీ పోనీ అని వినిపించింది. దానికి తోడు తలుపేసిన చప్పుడు... ఇంకేముంది, బండి కదిలింది!

నానమ్మ కిటికీలోంచి చూసింది. నోటి నిండా నురగతో, లుంగీ ఎగ్గట్టి, మగ్గు ఊపుకుంటూ నాన్న పరిగెత్తుకొస్తున్నాడు.

"ఓలమ్మో! నా కొడుకు ఉండిపోనాడు! ఆగు బాబూ! ఆగు! ఆగు!"

మేమూ రేకు గోడ బాదుతూ "ఆగు! ఆగు!" అని గొంతు చించుకున్నాం. బండి ఇంకా వేగం అందుకుంది... ఎందుకంటారా? ఛత్తీస్‌గఢీలో "ఆఘూ" అంటే ముందుకు అని అర్థం! మేము అరిచినకొద్దీ ఆయన తొక్కుతున్నాడు. నాన్న చిన్నగా అయిపోయి, మంచులో కలిసిపోయాడు.

"రోకో" అన్న మాట నా నాలిక చివరే ఉంది. అంటే ఒట్టు తప్పి నాన్న చచ్చిపోతాడు. అనకపోతే అడవిలో బనియనుతో గడ్డకట్టి చచ్చిపోతాడు! తర్వాత ఎన్నో పరీక్షలు రాశాను గానీ, అంత కష్టమైన ప్రశ్న మళ్ళీ ఎక్కడా రాలేదు. భోరున ఏడ్చేశాను. "నానమ్మా, హిందీలో చెప్తే ఆపుతాడు... కానీ ఒట్టేశాం కదా!"

నానమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఒట్టు తీసి గట్టు మీద ఎట్టండే! ఆడి బాసలోనే సెప్పండి!"

"రోకో! రోకో! పాపా ఛూట్ గయే!" ఆపమని, నాన్న ఉండిపోయాడని, ఇద్దరం ఒక్కసారే. బండి కీచుమని ఆగింది.

దుకాలూ భయ్యా దిగొచ్చి చేతులు జోడించాడు. "దాయీ హా ఆఘూ-ఆఘూ కహత్ రిహిస్..." పెద్దమ్మే ముందుకు ముందుకు అందట! నానమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తిట్లు మాత్రం ఆపలేదు.

వెనక్కి తిప్పుకుని వెళ్తే... రోడ్డు పక్కన ఎవరో వేసుకున్న చలిమంట దగ్గర, వాళ్ళ గొంగళే కప్పుకుని గజగజా వణుకుతూ నాన్న. నురగ ఇంకా మూతి మీదే ఉంది. మమ్మల్ని చూడగానే కళ్ళెర్రజేసి నోరు తెరిచాడు. ఈలోపే తమ్ముడు దూకి వెళ్ళి కాళ్ళు చుట్టేసుకున్నాడు.

"నాన్నా, మేము ఒట్టు తప్పాం. నువ్వు చచ్చిపోతావా?"

ఆ మాటల్లో ఒక్క హిందీ ముక్క లేదు! పుట్టి బుద్ధెరిగాక మా తమ్ముడు మాట్లాడిన మొదటి పూర్తి తెలుగు అది. నాన్న వాణ్ణి ఎత్తుకుని "ఇంత చక్కటి తెలుగులో అడిగాక ఎలా చస్తానురా!" అన్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, కళ్ళ నిండా నీళ్ళు. అప్పుడు లేచింది మా అమ్మ... "మైన్‌పాట్ వచ్చేసిందా?" అంటూ!

ఇప్పుడు నా కూతురికి ఆరేళ్ళు. ఫోన్లో దానితో నాన్నే ముందుగా హిందీ అందుకుంటాడు. "అదేమిటి నాన్నా, నువ్వేనా?" అంటే, "పోనీలేవే... ఏ భాషైతేనేం, అది నాతో మాట్లాడితే చాలు" అంటాడు. అంత పంతం మనిషి అలా అనేసరికి మనసు చివుక్కుమంటుంది...

పరాయి ఊళ్ళలో పెరిగినవాళ్ళూ... మీ ఇంట్లోంచి ముందుగా మాయమైన తెలుగు మాట ఏది? చెప్పండి, ఇక్కడైనా కాసేపు పలుకుదాం.