యూనివర్సిటీ మెస్సు వరండాలో ముచ్చికలు తీసిన రోజు

దసరాకు పది రోజులు సెలవులిచ్చినా మా మనవరాలు హారిక ఇంటికి రానని ఫోన్లో చెప్పింది. ఎమ్మే తెలుగు రెండో సంవత్సరం చదువుతోంది. మళ్లీ క్లాసులు మొదలయ్యే రోజుకల్లా ప్రాజెక్టు ఇవ్వాలట. అంతవరకే అయితే నేనూ మంచి తాతలాగా సరేననేవాణ్ణి. కానీ ఆ వారంలో చేసిన ప్రతి ఫోనులోనూ ఒకే పేరు వినబడింది. కోటేశ్వరమ్మ పిన్ని ఇట్టా అంది తాతయ్యా, కోటేశ్వరమ్మ పిన్నికి తెలియని మాట లేదు తాతయ్యా. ఎవరీ పిన్ని అంటే, హాస్టల్ మెస్సులో వంట చేసే ఆవిడ. హారికకు మాటలొచ్చిన నాటినుంచీ మా ఇంట్లో మాటలకు అర్థాలు చెప్పే ఉద్యోగం నాది. జీతం లేదు, పోటీ కూడా లేదు. ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చి కూర్చున్నారని తెలిసిన మర్నాడు పొద్దున్నే చేతిసంచీ సర్దుకున్నాను. మా ఆవిడకు మాత్రం "పిల్లకు కారప్పూస ఇచ్చొస్తా" అని చెప్పాను. అసూయతో ప్రయాణం కట్టానని ఏ మొగుడు పెళ్లాంతో చెబుతాడు?

సెలవుల్లో పిల్లల్ని చూడటానికి క్యాంపస్‌కు వెళ్లాలనుకునే పెద్దలకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. శావల్యాపురంలో ఏడుంపావుకు పల్లెవెలుగు బస్సు ఎక్కితే ఎనిమిదిన్నరకు నరసరావుపేటలో దిగుతారు. నా టికెట్టు నలభై ఐదు. పక్క సీటులో కూర్చున్న ఆవిడ ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. నా టికెట్టు వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఆ రోజుకు అది మొదటి అసూయ. బస్టాండు బయట నాలుగు ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ గురించి చెప్పాల్సింది చాలా ఉంది కానీ ఇప్పుడు కాదు. అక్కడినుంచి యూనివర్సిటీకి షేరు ఆటోలో ముప్పై రూపాయలు, అరగంట దారి. పత్తి చేల మధ్యగా పోతుంది.

"సెలవులు గదా పెద్దాయనా, ఎవురుంటారు ఆడ?" అన్నాడు ఆటో అతను.

"మా మనవరాలు ఉంది."

"అందరూ ఇళ్లకు పోతే ఆ పిల్ల ఉండిపోయిందంటే చానా బాగా చదివేదన్నా అయ్యుండాలి, ఇంట్లో పోరు పడలేనిదన్నా అయ్యుండాలి."

రెండో మాట నాకు నచ్చలేదు. దిగేటప్పుడు చిల్లర అడిగి మరీ తీసుకున్నాను.

గేటు దగ్గర రిజిస్టరులో పేరు, ఊరు, వచ్చిన పని రాయాలి. పని దగ్గర 'స్వకార్యం' అని రాశాను. వాచ్‌మన్ దాన్ని వేలితో కూడబలుక్కుని, "ఇదేందో తెలుగులో రాయండి పెద్దాయనా" అన్నాడు.

"ఇది తెలుగే నాయనా."

"అయితే నాకర్థమయ్యే తెలుగులో రాయండి."

'మనవరాలి కోసం' అని రాస్తే లోపలికి వదిలాడు.

సెలవుల్లో యూనివర్సిటీని చూడని వాళ్లు చూడాలి. వందల మంది వెళ్లిపోయాక మిగిలిన పాతిక మందికి అదంతా సొంత ఇల్లు అయిపోతుంది. నడిరోడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీ వికెట్టుగా పెట్టి నలుగురు క్రికెట్ ఆడుతున్నారు. లుంగీ కట్టుకున్న ఒక అబ్బాయి పరిపాలనా భవనం మెట్ల మీదే కూర్చుని పోటీ పరీక్షల పుస్తకం పైకి చదువుతున్నాడు. మామూలు రోజుల్లో అక్కడ చెప్పులు విడిచే ధైర్యం కూడా ఉండదట. ఆడపిల్లల హాస్టల్ ముందు ఇద్దరు ఒకరి తలకు ఒకరు నూనె పెట్టుకుంటూ ఒకే ఫోనులో ఏదో చూసి నవ్వుతున్నారు. తొందరపడే మనిషి ఒక్కడూ లేడు. నేను ఆ వయసులో పత్తి మిల్లులో బేళ్ల మీద నంబర్లు వేస్తున్నాను. ఒక్కో బేలుకు అరనిమిషం. వీళ్లేమో పది గంటలకు పళ్లు తోముకుంటున్నారు. మనసులో ఒక మూల చింతపండు పిసికినట్టు అయింది.

హారిక ఎదురొచ్చింది. "ఏంది తాతయ్యా, చెప్పకుండా వచ్చావ్? నాయనమ్మతో ఏమన్నా తగూ పెట్టుకున్నావా?"

"మీ లైబ్రరీ చూద్దామని" అన్నాను.

సెలవుల్లో లైబ్రరీ ఒంటిగంట దాకానే. నన్ను లోపలికి రానిచ్చారు. అటక మీద కట్టెలు పేర్చినట్టు పుస్తకాలు, కప్పు దాకా. ఒక అమ్మాయి లావుపాటి నిఘంటువును దిండుగా పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. అలాంటి నిఘంటువు మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒకే ఒక్కటి ఉండేది. 'క్ష' దగ్గర చెదలు తిన్నది. మిల్లు నుంచి వచ్చాక రోజుకు రెండు పేజీల చొప్పున ఏళ్ల తరబడి చదివాను. ఇప్పటికీ 'క్ష'తో మొదలయ్యే మాటలు నాకు కొంచెం తక్కువ. ఈ పిల్ల దానిమీద చొంగ కారుస్తోంది.

"ఆమెను అట్టా చూడమాకు తాతయ్యా, లేస్తే బయపడుద్ది" అని హారిక నన్ను బయటికి లాక్కొచ్చింది.

బెంచీ మీద కూర్చున్నాక అసలు విషయం అడిగాను. ఆమె ప్రాజెక్టు పల్నాటి మిరప రైతుల మాటల మీద. ఒక మనిషి చేత మాట్లాడించి, రికార్డు చేసి, ఆ మాటలు ఏరి రాయాలి. కోటేశ్వరమ్మది గురజాల వైపు ఒక పల్లె, పెళ్లయ్యేదాకా మిరప చేలల్లోనే పెరిగింది.

"మిరప చేలో నేను పెరగలేదా? నన్నెందుకు అడగలేదు?"

హారిక నేనిచ్చిన కారప్పూస నోట్లో వేసుకుంది. "కోప్పడమాకు తాతయ్యా. నువ్వు పుస్తకంలా మాట్లాడతావు. పైగా మా సారు పెట్టిన రూలు, మాట్లాడే మనిషి అయిదో తరగతి దాటి చదివుండకూడదు. చదువు మాటను మార్చేస్తదంట. నువ్వేమో పాత ఎస్సెల్సీ."

ఇక్కడ చదువరులకు ఒక మాట చెప్పాలి. నేను ఎస్సెల్సీ కాదు. అయిదో తరగతిలో మిరపకోతలకని మానిపించారు, మళ్లీ బడి మెట్లెక్కలేదు. మిల్లులో పనికి చేరిన రోజు గుమాస్తా "ఏం చదివావ్?" అంటే నోటికొచ్చి "ఎస్సెల్సీ" అన్నాను. కాగితం ఎవరూ అడగలేదు. ఆ మాటతోనే పెళ్లయింది. ఆ మాటతోనే ఊళ్లో అర్జీలు రాసిపెట్టే పెద్దమనిషినయ్యాను. ఇప్పుడు ఆ అబద్ధమే ఒక వంటావిడ ముందు నన్ను ఓడిస్తోంది. నిజం చెబితే కుర్చీ నాది, కానీ ఈ పిల్ల కళ్లలో తాతయ్య పోతాడు. నోరు మూసుకున్నాను.

సెలవుల్లో మెస్సులో మధ్యాహ్నం భోజనం ఒక్కటే. బయటివాళ్లకు అరవై రూపాయలు. గోంగూర పప్పు, వంకాయ కూర, మజ్జిగ. రుచిగా ఉంది. అది నన్ను ఇంకా బాధపెట్టింది. తిన్నాక కోటేశ్వరమ్మ వంటింటి వరండాలో చాప పరిచి, కారం పట్టించడానికి ఎండుమిరపకాయలు ముందేసుకుని కూర్చుంది. నలభై అయిదేళ్లుంటాయి, కొంగు బొడ్లో దోపిన మనిషి.

"బాబాయ్, మీరంటే మీ పిల్లకు చానా ఇది. మా తాతయ్యకు రాని మాట లేదంటది" అంది.

మంచి చేసుకోవాలని చూస్తోందనుకున్నాను. "ఏదీ అమ్మాయ్, నన్నూ ఒకసారి అడిగి చూడు" అని హారికతో అన్నాను. హారిక ఫోను మధ్యలో పెట్టి ఎర్ర గుండ్రం నొక్కింది.

"తాతయ్యా, కల్లంలో కాయలు ఎండినాక ఏం చేస్తారు?"

గొంతు సవరించుకున్నాను. "ఎండిన పిమ్మట నాణ్యతను అనుసరించి కాయలను వేరుపరిచి, వృంతములను తొలగించెదరు."

కోటేశ్వరమ్మ చేతిలో కాయ జారిపోయింది. "వృంతమంటే ఏంది బాబాయ్? మందు కొట్టాల్సిన తెగులా?"

హారిక నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముచ్చిక బాబాయ్, ముచ్చిక!" కోటేశ్వరమ్మ ఒక కాయ తొడిమ పుటుక్కున తుంచి చూపించింది. "తెల్లబడ్డ తాలు కాయలు ఏరి ఆ పక్కన పోస్తాం. మంచియ్యి ముచ్చిక తీసి టిక్కీలో తొక్కుతాం."

ముచ్చిక, తాలు, బస్తాకు టిక్కీ. మూడూ నాకు పదేళ్ల వయసునుంచీ తెలిసినవే. ఫోను కనబడగానే ఎక్కడో దాక్కున్నాయి. నిఘంటువులోని పెద్దమనుషులు మాత్రం ముందుకొచ్చి నిలబడ్డారు. నేను చాప చివరకు జరిగి, మాట్లాడకుండా ముచ్చికలు తీయడం మొదలుపెట్టాను. చేతులకు పనిలేకపోతే ఆవిడ మీద ఏదో ఒకటి అనేవాణ్ణి.

మూడు గంటలకు హారిక ఒక ఫారం తీసింది. రికార్డింగులన్నీ అయ్యాయి, చివర్లో మనిషి వివరాలు నింపి సంతకం తీసుకోవాలి. పేరు, వయసు, ఊరు రాసుకుంది. చదువు దగ్గర తనే సున్నా చుట్టబోయింది.

"అదేంది సున్నా?" అంది కోటేశ్వరమ్మ. "పది అని రాయి. పదో తరగతి, ఫస్టు క్లాసు."

కలం ఆగిపోయింది. "పిన్నీ... నువ్వు పది చదివావా?"

"ఇంటరు గూడా చేరేదాన్నే, సంబంధం వచ్చింది."

"మరి నాకు చెప్పలేదేంది!"

"నువ్వడిగితే గదా చెప్పేది. గరిటె పట్టుకున్నోళ్లను చదువెంతని ఎవురడుగుతారమ్మా?"

హారిక ముఖం పాలిపోయింది. తొమ్మిది రోజుల రికార్డింగులు. రాసుకున్న రెండు నోటుపుస్తకాలు. సారు ఒప్పుకోడు. క్లాసులు ఎల్లుండి. "ఇప్పుడు ఎవర్ని ఎతకను పిన్నీ, ఎక్కడికని పోను" అంటూ మోకాళ్లలో తలపెట్టుకుంది.

నిజం చెప్పాలి, మొదట నాకు సంతోషమే కలిగింది. పోటీదారు పడిపోయింది. ఆ సంతోషం ఒక ముచ్చిక తీసేంత సేపు ఉంది. తర్వాత ఆ పిల్ల భుజాలు కదలడం చూశాను.

"అమ్మాయ్, ఇంకో ఫారం ఉందా?" అన్నాను.

"ఎందుకు తాతయ్యా?"

"నా పేరు రాసుకో. చదువు కాడ అయిదు అని రాయి. అది గూడా నిండా కాదు."

తల ఎత్తింది. "నువ్వు ఎస్సెల్సీ గదా?"

"కాదు. ఉత్తదే. చానా ఏళ్లనాటి అబద్ధం."

కోటేశ్వరమ్మ కూడా కాయలు వదిలేసింది. హారిక నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మరి ఇంటర్లో నాకు సంధులు ఎట్టా చెప్పావ్? ఛందస్సు ఎట్టా చెప్పావ్?"

"నువ్వు పడుకున్నాక నీ పుస్తకంలోనే చదువుకునేవాణ్ణి. నీకంటే ఒక్కరోజు ముందుండేవాణ్ణి, అంతే."

కోటేశ్వరమ్మ అందుకుంది. "బాగుందయ్యా వరస! పది ఫస్టు క్లాసులో పాసైన నేను గంజి వారుస్తున్నా. అయిదు చదివిన ఈయనేమో ఎమ్మే పిల్లకు ఛందస్సు చెప్పాడంట. నాకు కడుపు మండిపోతంది బాబాయ్."

అంత మంచి మాట నన్ను ఈ మధ్య ఎవరూ అనలేదు.

"నాయనమ్మకు తెలుసా?" అంది హారిక, ముక్కు తుడుచుకుంటూ.

"తెలిస్తే ఇన్నాళ్లు నన్ను బతకనిచ్చేదా?"

అప్పుడు నవ్వింది. కొత్త ఫారం తీసి అయిదు అంకె వేసింది, గట్టిగా, కాగితం వెనక్కి అచ్చు పడేట్టు. రికార్డింగు మొదలుపెట్టాం. ఫోను కాయల కుప్ప వెనకాల, నాకు కనబడకుండా పెట్టమని కోటేశ్వరమ్మే చెప్పింది. నేను 'పిమ్మట' అన్నప్పుడల్లా ఒక ముచ్చిక విసిరి నా చొక్కాకు కొట్టింది. మొదటి పావుగంటలో చాలా తగిలాయి. తర్వాత మా అమ్మ కల్లంలో కాయలు ఎలా తిరగేసేదో చెబుతూ, విసరడం ఆగిపోయిన సంగతే గమనించలేదు. ముప్పావు గంట అయ్యాక హారిక ఆపింది. ఇంకా కావాలి, రేపు పొద్దున ఫోన్లో మాట్లాడిస్తానంది. అయిదుంపావు ఆటోకు గేటు దాకా వచ్చి ఎక్కించింది. ఇంటికి రమ్మని నేను అడగలేదు.

ఆ క్యాంపస్ మీద నా అసూయ పోయిందా అంటే, పోలేదు. పది గంటలకు పళ్లు తోముకునే ఆ కుర్రాళ్లు, నిఘంటువు మీద నిద్రపోయే ఆ పిల్ల, ఇప్పటికీ గుర్తొస్తే మండుతుంది. మొన్న హారిక ఆ రికార్డింగు నాకు పంపింది. చెవిలో పెట్టుకుని విన్నాను. అందులో ఒక ముసలాయన అమ్మ గురించి చెబుతున్నాడు. ఎక్కడా తడుముకోడు, పెద్ద మాట ఒక్కటి వాడడు, వింటుంటే కాయల ఘాటు ముక్కుకు తగులుతుంది. ఇన్నేళ్లు పుస్తకాలు చదివి నేను రాసిన వాటిల్లో అలాంటి వాక్యం ఒక్కటి లేదు. ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ అసూయ ఆ అయిదో తరగతి వాడి మీదే. ఇది రాసి నెట్‌లో పెడుతున్నాను కాబట్టి ఎస్సెల్సీ సంగతి మా ఆవిడకు కూడా ఈ సాయంత్రానికల్లా తెలుస్తుంది. ఎవరో ఒకరు ఫోను తెచ్చి చదివి వినిపిస్తారు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. సెలవుల్లో మెస్సులో తలలు లెక్కబెట్టి వండుతారు కాబట్టి పదకొండులోపే వెళ్లి మీ పేరు చెప్పుకోండి. ఆలస్యమై, పప్పు అయిపోయిందని కోటేశ్వరమ్మ అంటే నమ్మకండి. గిన్నె అడుగున రెండు గరిటెలు హారిక కోసం దాస్తుంది. రెండోసారి అడిగి చూశాను, నాకు పెట్టలేదు.