ఐసులో వేసిన ఉప్పు

మా పాత స్కూలు లాబు అటెండరు, అందరం తాత అని పిలిచే మనిషి, చనిపోయాడని పోయిన నెలలో ఒక కార్డు వచ్చింది. రాసింది నా దగ్గర చదువుకున్న అమ్మాయే, ఇప్పుడు అదే స్కూల్లో టీచరు. కార్డులో నాలుగే వాక్యాలు. రెండు రోజులు జ్వరం వచ్చిందట, శుక్రవారం మధ్యాహ్నం ప్రాణం పోయిందట, ఆ సాయంత్రమే ఖననం చేశారట. చివర ‘మీరంటే తాతకి ఎంతో గౌరవం టీచర్, అందుకే రాస్తున్నాను’ అని ఉంది. ఆ ఆఖరి వాక్యం చదివి కార్డు బోర్లా పెట్టేశాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచి చెబుతూ పక్కన మన మంచి కూడా కాస్త ఇరికిస్తాం. నాకు ఆ వీలు లేదు. నేను ఆయన మీద ఒక అబద్ధం వేశాను. బతికుండగా దాన్ని వెనక్కి తీసుకోవాల్సింది, తీసుకోలేదు. ఈ నాలుగు ముక్కలూ అందుకు రాస్తున్నవే.

నేను ఆ స్కూల్లో చేరింది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో. ప్రత్తిపాడు దాటి ఇంకొంత దూరం పోవాలి. రోడ్డుకి రెండు పక్కలా నల్లరేగడి, పత్తి, మిరప. ఆ ఆడపిల్లల హైస్కూలుకి బి.యస్సీ. పాసయి వచ్చిన మొదటి టీచర్ని నేనే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని. లాబు అంటే ఒక గది, రెండు బల్లలు, ఒక బీరువా, ఒకే ఒక్క థర్మామీటరు. వీటన్నిటినీ కనిపెట్టుకుని తాత.

తాత సాయిబు. అంతకుముందు ఊళ్ళు తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. కొలిమి తిత్తి ఊది, ఎర్రగా కాలిన గిన్నెలో నవాసారం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ పొగలోనే తగరం ముక్క వేసి గుడ్డతో తిప్పేవాడట. ఆ పొగ ఊపిరితిత్తులకి పట్టి దగ్గు ముదిరాక, ఊరి పెద్దలు చెప్పి స్కూల్లో పెట్టించారు. వేళ్ళ చివర్లు కాలి కాలి నున్నగా అయిపోయి ఉండేవి. వేడి గాజు గిన్నెని వట్టి చేతుల్తో దించేవాడు. లాబు గుమ్మం బయటే చెప్పులు విడిచేవాడు. ఎందుకని అడిగితే, వేడి దగ్గర పనిచేసేవాడికి నేల కాలికి తెలియాలన్నాడు. అది నాకు చాదస్తంగా కనిపించింది. ఆయన చెప్పిన చాలా సంగతులు నాకు అప్పట్లో చాదస్తంగానే కనిపించాయి.

మిరప కోతల రోజుల్లో కల్లాల మీంచి గాలి వీచిందంటే క్లాసు క్లాసంతా దగ్గేది. తాత కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టేవాడు. ఘాటూ తగ్గేది, గది కూడా చల్లబడేది. చల్లదనం ఎక్కణ్ణించి వచ్చిందని ఒక పిల్ల అడిగితే, చల్లదనం రావడం కాదు, వేడి పోవడమని చెప్పాడు. నీరు ఆవిరవ్వాలంటే దానికి వేడి కావాలి, ఆ వేడి గదిలోంచే తీసుకుని పోతుందన్నాడు. ఈ మాట నేను బోర్డు మీద రాసిన నిర్వచనంలోనూ ఉంది. కాకపోతే నా నిర్వచనాన్ని పిల్లలు కాపీ చేసుకున్నారు, ఆయన మాట వాళ్ళకి అర్థమైంది.

గుప్తోష్ణం పాఠం చెప్పిన రోజు కూడా అంతే. ఐసు ముక్కల్లో థర్మామీటరు పెట్టి కింద దీపం వెలిగించాం. ఐసు కరుగుతోంది గాని పాదరసం సున్నా దగ్గరే కూర్చుంది. పెట్టిన వేడంతా ఏమవుతోందని పిల్లలు అడిగారు. గుప్తోష్ణమంటే దాగి ఉన్న వేడి అని చెప్పాను. ఎక్కడ దాగిందని మళ్ళీ అడిగారు. నేను పుస్తకం పేజీలు తిప్పుతుంటే గుమ్మం దగ్గర నుంచి తాత నెమ్మదిగా అన్నాడు.

“దాక్కోలేదమ్మా, పనిలో ఉంది. గట్టిగా ఉన్నదాంట్లో నలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి గదా. ఆ పట్టు విడిపించేదాకా వేడికి వేరే పని చెయ్యడానికి తీరిక లేదు. తగరం కూడా ఇంతే. ముక్క మొత్తం కరిగేదాకా ఎంత ఊదినా ఇంక వేడెక్కదు.”

పిల్లల ముఖాలు వెలిగాయి. నా ముఖం మాడింది. అడిగినప్పుడు మాట్లాడితే చాలని ఆ సాయంత్రం ఆయనతో చెప్పాను. ‘అట్టాగేనమ్మా’ అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను: ఇప్పుడు గుంటూరులో టీచర్లకి ట్రైనింగు ఇచ్చే చోట పనిచేస్తున్నాను. ఏటేటా కొత్తగా వచ్చేవాళ్ళకి ‘వేడి దాక్కోలేదు, పనిలో ఉంది’ అనే చెబుతాను. వాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మాట ఎవరిదో ఇంతవరకూ ఒక్కసారి కూడా చెప్పలేదు.

మూడో ఏడు ఇన్‌స్పెక్ట్రెస్ వస్తున్నారని కబురొచ్చింది. అదే ప్రయోగం ఆవిడ ముందు చేయించాలని హెడ్‌మిస్ట్రెస్ గారు కోరారు. తాత ఉద్యోగం అప్పటికి ఇంకా తాత్కాలికమే, తనిఖీ బాగా జరిగితే ఖాయం చేయిస్తానని కూడా ఆవిడ చెప్పారు. ఐసు గుంటూరు నుంచి రావాలి. ఎప్పుడూ తాతే తెల్లవారుజామున పోయి, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ కొని, ఊకలో పొదిగి, గోనెసంచిలో చుట్టి బస్సు మీద తెచ్చేవాడు. సగానికి సగం కరిగిపోయేది. ఈసారి అలా కాకూడదనుకున్నాను.

గుంటూరులో చదువుకునే రోజుల్లో ఐస్‌క్రీం బండివాడు డబ్బా చుట్టూ ఐసూ ఉప్పూ కలిపి కూరడం చూశాను. లోపలి సరుకు ఎండలో కూడా గట్టిగా ఉండేది. ఉప్పు వేస్తే ఐసు ఇంకా చల్లబడుతుందని పరీక్షల్లో కూడా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంకా చల్లబడితే కరగదు గదా అని నా తెలివి. ఊక మానేసి, దిమ్మని ముక్కలు కొట్టించి ఉప్పు కలిపి మూత డబ్బాలో కూరి తెమ్మని తాతతో చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. తగరంలో కాస్త సీసం కలిస్తే తొందరగా కరుగుతుంది, దొంగ కళాయివాళ్ళు చేసే పని అదే, ఉప్పు పడితే ఐసుకీ అదే గతి పడుతుందన్నాడు. బండివాడికి కావాల్సింది డబ్బాలో సరుకు గడ్డకట్టడం, బయటి ఐసు ఏమైపోయినా వాడికి పట్టదని కూడా అన్నాడు. ఎంత సరిగ్గా చెప్పాడో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. బి.యస్సీ. చదివింది నువ్వా నేనా అని అడిగాను. మా నాన్న వయసు మనిషిని అలా అడిగాను. ఆయన ఉప్పు సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు.

మర్నాడు డబ్బా మూత తీస్తే నీళ్ళలో నాలుగు బెడ్డలు తేలుతున్నాయి. థర్మామీటరు పెడితే పాదరసం సున్నా దాటి ఐదారు గీతలు కిందికి పోయింది. దీపం వెలిగించాక ఒక్కచోట నిలవకుండా పైకి పాకడం మొదలుపెట్టింది. కదలదు చూడండి అని నేను అప్పటికే చెప్పి ఉన్నాను. పిల్లలు నా వంక చూస్తున్నారు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు.

“ఇందులో ఉప్పెవరు వేశారు?”

“అటెండరు వేశాడండి. కరక్కుండా ఉంటుందనుకున్నాడు. చదువు లేనివాడు.”

ఆ మాట ఆలోచించి అనలేదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆలోచించే అన్నాను. ‘చదువు లేనివాడు’ అన్న ముక్క అంత చక్కగా అతికించాలంటే ఆలోచించకుండా కుదరదు. తాత నా వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. పొరపాటైందండీ అని ఇన్‌స్పెక్ట్రెస్ గారికి దణ్ణం పెట్టాడు.

తనిఖీ రిపోర్టులో, లాబులో తెలియనివారిని ఉంచరాదని రాశారు. తాతని గేటుకి మార్చారు. గంట కొట్టడం, కుండల్లో నీళ్ళు నింపడం, మొక్కలకి పోయడం. ఖాయం చేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన లాబు వదిలిన మూడు నెలలకే థర్మామీటరు నా చేతిలో పగిలింది. అది నేనే పగలగొట్టానని మాత్రం వెంటనే ఒప్పుకున్నాను. అప్పుడు ఎదురుగా ఇన్‌స్పెక్ట్రెస్ లేరు గదా.

తర్వాత రెండేళ్ళు అక్కడే పనిచేశాను. రోజూ పొద్దున ఆ గేట్లోంచే లోపలికి పోవాలి. తాత స్టూలు మీంచి లేచి నిలబడి ‘నమస్కారమమ్మా’ అనేవాడు. ఆ తర్వాత కూర్చోకుండా రెండు క్షణాలు అలాగే నిలబడేవాడు. ఇంకేమన్నా పని చెబుతానేమోనని ఎదురుచూస్తున్నాడనుకునేదాన్ని. నేను పుస్తకాలు గుండెకి హత్తుకుని గబగబా నడిచిపోయేదాన్ని. చెబుదామని కొన్నిసార్లు అనుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఒక కాగితం రాసి చింపేశాను కూడా. బదిలీ కాగితం వచ్చిన రోజు నాకు కలిగింది సంతోషం అంటే తక్కువవుతుంది, గండం గడిచినట్టయింది.

కార్డు వచ్చిన తర్వాతి ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. తాత భార్య, భర్త పోయాక వాళ్ళలో పాటించే నాలుగు నెలల గడువులో ఉంది, ఇల్లు దాటి బయటికి రాకూడదు. అందుకని మిరపకాయల వ్యాపారి మనిషి కాయలు ఇంటికే తెచ్చి వసారాలో పోసి పోయాడట. ఆమె గోనె పరుచుకుని ఒక్కతే తొడిమలు తీస్తోంది. నేను ఎవరో చెప్పాను. తెలుసన్నట్టు తల ఊపి, కూర్చోమని మంచం చూపించింది.

“ఆ రోజు ఐసులో ఉప్పు వెయ్యమన్నది నేనేనమ్మా. ఆయన వద్దన్నాడు. నేనే అబద్ధం చెప్పాను.”

ఆమె చేతిలో ఉన్న కాయ తొడిమ తుంచి, కాయ ఒక పక్కా తొడిమ ఒక పక్కా వేసింది.

“తెలుసు. ఆ రోజే చెప్పాడు నాకు. చిన్న పిల్ల, బెదిరిపోయింది, రేపో ఎల్లుండో తనే చెప్పుద్దిలే అన్నాడు. రోజూ గేటు కాడ చూశాడమ్మా, రెండేళ్ళు. మీరు బదిలీ అయి ఎల్లిపోయిన రోజు ఇంటికొచ్చి, ఇంక చెప్పదులే అన్నాడు. ఆ తర్వాత మీ మాట ఎప్పుడూ ఎత్తలా.”

ఆ మాటలు ఆమె నన్ను తిట్టడానికి అనలేదు, ఓదార్చడానికీ అనలేదు. అడిగినదానికి చెప్పినట్టు చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇప్పుడైనా రాస్తానని నేనంటే, రాయండమ్మా, మీ ఇష్టం అంది. రాశాను. దానికి జవాబు రాలేదు, వచ్చినా దానివల్ల తాతకి జరిగేదేమీ లేదు.

ఆ పూట ఏం చెయ్యాలో తోచక మంచం దిగి, ఆమె ఎదురుగా గోనె మీద కూర్చుని నేనూ తొడిమలు తీయడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. కాసేపటికి తలెత్తి చూస్తే, తొడిమ సగమే ఊడిన నా కాయల్ని ఆమె ఒక్కొక్కటే ఏరి పక్కకి తీసుకుంటోంది. వాటిని తనే మళ్ళీ సరిచేసి, తన కాయల్లో కలిపేస్తోంది.